‘నెల తప్పిందా’ అని తప్ప ఇంకేమీ అడగరా?

సంపాదకుల వారికి నమస్కారం.

మా కోడలిది శ్రీకాకుళం జిల్లా. కాపురానికి వచ్చిన కొత్తలో ‘ఏటత్తయ్యా’ అన్నప్పుడల్లా ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం. తమాషాకే. ఆరు నెలలకు మా తిరుపతి వాళ్లలాగా ‘ఏంది’ అనడం నేర్చుకుంది గానీ, మాట్లాడడమే తగ్గించేసింది. సాయంత్రం ఆరేసిన బట్టలు తెస్తానని మిద్దెమీదికి పోయి, వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడి, కళ్లు ఎర్రగా చేసుకుని దిగొచ్చేది. ఒక్కోసారి బట్టలు తేవడం కూడా మరిచిపోయేది. ‘పుట్టింటి బెంగ, కడుపు పండితే అదే సర్దుకుంటుంది’ అన్నారు వీధిలో అమ్మలక్కలు. నేనూ అదే అన్నాను.

ఉద్యోగాలు, వలసల మీద కేంద్రం చేసిన 2020-21 పీఎల్ఎఫ్ఎస్ సర్వే ప్రకారం దేశంలో వలస వచ్చిన ఆడవాళ్లలో 86.8 శాతం మందికి కారణం పెళ్లే. నగరి, పుత్తూరు వైపు తమిళం మాట్లాడే పిల్లలు, కుప్పం వైపు కన్నడ పిల్లలు కోడళ్లుగా వస్తుంటారు. మా కోడలికి యాసే కొత్త, వాళ్లకు భాషే కొత్త.

మా ఇంటికి ఆశా కార్యకర్త వచ్చినప్పుడల్లా అడిగేది ఒకటే: ‘నెల తప్పిందా?’ ఐరన్ మాత్రలిచ్చి, పుస్తకంలో రాసుకుని పోయేది. ఆమె తప్పేం లేదు, పైనుంచి అడిగేది ఆ లెక్కలే. నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా, ఊళ్లో మాట్లాడుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని కూడా అడిగించాలి. అదీ అత్త పక్కన లేనప్పుడు. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటే ఆ పిల్ల ఏం చెబుతుంది?

వేధింపులుంటే ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 ఉంది. నేనంటున్నది అది కాదు. మా ఇంట్లో ఆ పిల్లను ఎవరూ చెయ్యెత్తి కొట్టలేదు, నోరెత్తి తిట్టలేదు. అయినా రెండేళ్లలో వాడిపోయింది.

మనసు బాగోలేనివాళ్లకు ఫోన్లోనే సలహా ఇచ్చే టెలిమానస్‌ను కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగుతో పాటు తమిళం, కన్నడల్లోనూ మాట్లాడతారు. ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇక్కడి రుయా పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉందనీ అప్పుడే తెలిసింది. తీసుకుపోదామంటే ‘పిచ్చి డాక్టరు దగ్గరికా’ అన్నారు మా ఇంటాయన. రెండు వారాలు ఆయనకు నచ్చజెప్పడానికే సరిపోయింది.

పెళ్లిళ్లకు మన ఊరు పెట్టింది పేరు. తిరుమల కల్యాణ వేదికలో జంటకు పసుపు కుంకుమ, కంకణాలు టీటీడీయే ఇస్తుంది. వాటితో పాటు 14416 అచ్చేసిన చిన్న చీటీ పెడితే ఎంతవుతుంది? కొండ కింద కల్యాణ మండపాల వాళ్లూ, పెళ్లి రిజిస్ట్రేషన్ చేసే ఆఫీసుల వాళ్లూ ఆ పని చేయొచ్చు. ఆశాల చేత ఆ నాలుగు మాటలు అడిగించే పని మాత్రం జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులదే.

ఈ ఉత్తరం కోడలికి చదివి వినిపించే పంపుతున్నాను. తన పేరే కాదు, నా పేరు కూడా వేయించొద్దంది.

— ఒక అత్త, కొర్లగుంట, తిరుపతి