శీనుగాడికి, నల్లబడ్డ తోలు కబురు

హన్మకొండ
ఆదివారం

ఒరేయ్ శీనుగా,

చెన్నై నుంచి నువ్వు పంపిన తోలు ఎప్పుడో చేరింది. చేరిందని ఒక్క ముక్క కూడా రాయనందుకు ఎన్ని తిట్టినా పడతాను. ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో అడ్డొస్తావు, అందుకే కాగితం పట్టుకున్నా.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాళ్ళు కాస్త నయం. పాప ఏడో తరగతికొచ్చింది. పై గది అద్దెకిచ్చాం. మన లెక్కల మాస్టారు ఇంకా అదే గొడుగుతో తిరుగుతున్నారు, అవును, అదే గొడుగు. సరే, ఇక అసలు సంగతి.

తోలు నల్లబడిందిరా! నల్ల రంగు చుక్క కూడా తగలకుండా!

డబ్బాలో దొరికే నలుపు నాకు మొదటి నుంచీ నచ్చదు. సరిగా పట్టకపోతే చెమట తగిలినప్పుడల్లా బట్టలకు అంటుకుంటుంది. (కాజీపేట స్టేషను బెంచీ, నీ తెల్ల ప్యాంటు. ఇంకేం రాయను.) అందుకని ఇనుము, వెనిగర్ పద్ధతి పట్టాను. లేత్ షాపులో అడిగితే గుప్పెడు ఇనుప రజను ఇచ్చారు. దానికి నూనె జిడ్డు ఉంటుంది, అంట్ల సబ్బుతో బాగా కడిగి తడిగానే వదిలేస్తే తుప్పు పట్టడం మొదలవుతుంది. మనకు కావలసింది అదే. గిన్నెలు తోమే స్టీలు పీచు మాత్రం పనికిరాదు, అది తుప్పు పట్టని రకం. రజనును గాజు సీసాలో వేసి, కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ నిండా పోసి, మూత వదులుగా పెట్టాను. ఇనుము కరుగుతున్నంతసేపూ హైడ్రోజన్ బుడగలు వస్తూనే ఉంటాయి, మూత బిగించామా, సీసా పగిలినా పగులుతుంది. పొయ్యి దరిదాపుల్లో కూడా ఉంచకూడదు. వారం పది రోజులకు బుడగలు సద్దుమణిగాయి, ముక్కుకు కొట్టే వెనిగర్ ఘాటు పోయి తుప్పు వాసన మిగిలింది. పాత పంచె గుడ్డలో వడగడితే నీరుకావి రంగు నీళ్ళు దిగాయి. వాటిలో నలుపు జాడే లేదు.

ఇప్పుడు చూడు. బ్రష్ ముంచి నీ తోలు ముక్క మీద ఒక్క గీత గీశాను. ముందు తడి మరక, అంతే. కళ్ళార్పేలోగా అది బూడిద రంగుకు తిరిగింది, అంచుల్లో నీలం తేలింది, గాలి తగిలేకొద్దీ చిక్కబడి కాకి రెక్క నలుపుకు వచ్చి ఆగింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను! పక్కనే పాత హ్యాండ్‌బ్యాగు తోలు ముక్క మీద అవే నీళ్ళు పూస్తే మురికి మరక తప్ప ఏమీ రాలేదు. అది క్రోమియంతో పదును చేసిన, అంటే కుళ్ళకుండా నిలవుండేలా చేసిన తోలు. నువ్వు పంపింది తంగేడు బెరడుతో పదును చేసింది. ఆ బెరడులోని టానిన్ అనే వగరు పదార్థం తోలు నిండా ఉంటుంది, దానికి ఇనుము తగిలితే నలుపు అక్కడికక్కడ పుడుతుంది. పైపూత కాదుగా, ఇక రాలడానికి ఏముంది! నానబెట్టిన ఇంకో ముక్కను తోలు కోసే తాత రంపెతో అడ్డంగా కోసి చూశాను. రెండు వైపుల నుంచీ నలుపు లోపలికి దిగి, నడుమ సన్నటి గోధుమ రంగు చార మాత్రం మిగిలింది.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళ దగ్గర మనం చూసిన కుండ గుర్తుందా? తుప్పు ఇనుము, బెల్లం, తాటిబెల్లం వేసి పులియబెట్టిన నీళ్ళు? అదీ ఇదీ ఒకటేరా. అక్కడ పులుపు బెల్లంలోంచి వస్తుంది. గుడ్డకు టానిన్ ఉండదు కాబట్టి ముందే కరక్కాయ పట్టిస్తారు. మన తోలుకు ఆ పని తంగేడు ముందే చేసిపెట్టింది. ఉసిరికాయ ఇనుప కత్తిపీట మీద కోస్తే నల్లబడేదీ ఇందుకే.

ఆ తర్వాతి పని మాత్రం వదలకూడదు. పులుపు తోలులో ఉండిపోతే కొన్నాళ్ళకు పెళుసై పగుళ్ళిస్తుంది. లీటరు నీళ్ళకు రెండు చెంచాల వంటసోడా కలిపి ముంచాను, బుసబుసమని నురగ వచ్చింది. మంచినీళ్ళతో బాగా కడిగి, నీడన ఆరేసి, కాస్త చెమ్మ ఉండగానే గోరువెచ్చటి ఆముదం రాశాను. ఆముదం తాగాక ఆ నలుపు చూడాలిరా, అప్పటిదాకా ఉన్న పొడితనం పోయి...

నానమ్మ సంగతి ముందే చెప్పాల్సింది, నువ్వు అడిగేలోపే చెబుతున్నా. ఆముదం రాస్తుంటే పక్కన మంచం మీద కూర్చుని ఉంది. తోలు ముక్క అందుకుని వాసన చూసింది. "తంగేడు తోలు గదా ఇది, ఎక్కడిది బిడ్డా?" అంది. చూపు సరిగా ఆనదు కదా, ముక్కుతోనే పట్టేసింది. నలుపు ఎలా వచ్చిందో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. తాత కూడా లంద పక్కన, అంటే తోళ్ళు నానబెట్టే తొట్టి పక్కన, ఒక కుండ పెట్టేవాడట. దాంట్లో విరిగిన నాగలి కర్రు ముక్కలు, అరిగిన లాడాలు వేసి పులిసిన గంజి పోసేవాడట. పండక్కి కుట్టే చెప్పులకు మాత్రమే ఆ నీళ్ళు వాడేవాడట.

నేను వీడియోలు చూసి, వెనిగర్ సీసా కొనుక్కొచ్చి నేర్చుకున్నది మా ఇంటి వెనకే ఒక కుండలో ఉండేదిరా. నాన్న బడికి పోవాలని తాత ఆయన్ని లంద దగ్గరికే రానిచ్చేవాడు కాదు. అది తప్పని నేను అనలేను. కానీ ఆ గంజి ఎన్నాళ్ళు పులియాలో, ఏ గంజి అయితే బాగుంటుందో... నానమ్మను రోజూ కొంచెం కొంచెం అడిగి రాసుకుంటున్నా. నిన్న సున్నం గురించి చెబుతూ చెబుతూ నిద్రపోయింది.

ఈ పార్సిల్‌లో నీకు బెల్టు పెడుతున్నా. మిగిలిన తోలుతో చెప్పులు కుడతాను, నీ పాదం కాగితం మీద పెట్టి గీసి పంపు. రెండు పాదాలూ వేరువేరుగా గీయి, నిలబడే గీయి, కూర్చుని గీస్తే కొలత తగ్గుతుంది. వేలి ఉంగరం తోలుతో పెట్టాలా లేక... కొరియర్ అబ్బాయి గేటు దగ్గర హారన్ కొడుతున్నాడు, మూట కట్టేస్తున్నా, ఉంటానురా.

నీ
మల్లిగాడు