ఇంకో వానకు మా పాత బడి ఆగదు సార్

జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మా పట్టణంలోని పాత హైస్కూల్ భవనం గురించి రాస్తున్నాను. దాన్ని బాగుచేసి లైబ్రరీగా మార్చేందుకు మున్సిపాలిటీ, విద్యాశాఖ, పూర్వ విద్యార్థుల సంఘం కలిసి చేసుకోవాల్సిన ఒప్పందం ముసాయిదా మీ ఆఫీసులోనే ఉంది కాబట్టి మొదటి నుంచి చెప్పను. ప్రజావాణిలో మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మూడు రసీదులూ నా దగ్గర ఉన్నాయి, జవాబు ఒక్కటీ రాలేదు.

పోయినేడు ఎండాకాలంలో మీటింగు పెట్టి, వానలు పడేలోగా సంతకాలు అయిపోతాయని మాట ఇచ్చారు. ఆ మాట నమ్మి చందాలు పోగు చేశాం. గానుగలో నూరిన సున్నంతో పని తెలిసిన మేస్త్రీ కోసం నాలుగు ఊళ్లు తిరిగాం. అలాంటివాళ్లు ఇప్పుడు దొరకడమే కష్టం. ఆయన రెండు నెలలు మా కోసం ఆగి, చివరికి వేరే పని ఒప్పుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం, ఇల్లు గడవాలి కదా. స్థలం మాది కాదని విద్యాశాఖ అంటుంది. భవనం మాకు అప్పగించలేదని మున్సిపాలిటీ అంటుంది. కప్పు మీద టార్పాలిన్ కప్పుకుంటాం, ఒక్క పూట తాళం తీయండని అడిగితే ఆ పని కూడా ఎవరూ చేయలేదు.

వానలు వచ్చాయి, పోయాయి. అది టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలబెట్టి సున్నం పోసిన కప్పు, మద్రాసు టెర్రస్ అంటారు. నీళ్లు దిగితే గోడలో ఉన్న దూలం కొస ముందు కుళ్లుతుంది, బయటికి కనిపించదు. మొన్న కిటికీ ఊచల్లోంచి చూశాను. మా పదో తరగతి గదిలో బ్లాక్‌బోర్డు నిండా పాకుడు. పైన పిట్టగోడలో రెండేళ్ల కింద రెండాకులతో ఉన్న రావి మొక్కకు ఇప్పుడు నా బొటనవేలంత లావు వేరు. ఆ వేరు దిగినచోట ఇటుకలు విడిపోయి, సందులోంచి ఆకాశం కనిపిస్తోంది.

ఇంకో సంగతి. వరండా గోడకు ఎప్పుడో సిమెంటు పూశారు. సున్నపు గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. అందుకే ఆ ఒక్క గోడే పెచ్చులు ఊడుతోంది. సిమెంటు పూయని గోడలు నిక్షేపంగా ఉన్నాయి. కానీ శిథిలావస్థ అని రాసిన రిపోర్టులో ఉన్న ఫోటోలన్నీ ఆ గోడవే. అది చూసి ఎంత బాధపడ్డానో చెప్పలేను.

పాతదైతే పనికిరాదని ఎవరన్నారు సార్? హైదరాబాద్‌లో 1921 నాటి సిటీ కాలేజీ భవనంలో ఇప్పటికీ క్లాసులు జరుగుతున్నాయి. కోఠి మహిళా కాలేజీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని, పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్‌తో కలిసి నిలబెట్టుకున్నారు. 2017లో మన తెలంగాణకు వారసత్వ చట్టం కూడా వచ్చింది. రాజ్యాంగం 12వ షెడ్యూల్ మున్సిపాలిటీల పనుల్లో సాంస్కృతిక, విద్యా వికాసాన్నీ చేర్చింది. మాది రాజభవనం కాదు, ఒప్పుకుంటాను. కానీ మా నాన్నా నేనూ ఓనమాలు దాటి లోకం చూసింది ఆ గదుల్లోనే. గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఇప్పుడు చీకటి పడేదాకా కొత్త బడి మెట్ల మీద కూర్చుంటున్నారు. ఆ గదులు లైబ్రరీ అయితే వాళ్లకు ఒక నీడ దొరుకుతుంది.

దయచేసి సంతకం చేయించండి. కూల్చే ఆర్డరు మాత్రం రానివ్వకండి, చేతులెత్తి వేడుకుంటున్నాను. ఒప్పందం ఆలస్యమైతే ఈలోగా ఆ తాళమైనా ఇప్పించండి. రావి మొక్కను వేరుతో సహా మేమే జాగ్రత్తగా తీస్తాం, కప్పు మీద టార్పాలిన్ మేమే కప్పుతాం. వచ్చే సోమవారం మళ్లీ ప్రజావాణికి వస్తున్నాను, నాలుగో అర్జీతో.

ఇట్లు,
పాత హైస్కూల్ పూర్వ విద్యార్థి