ఒరిబె పళ్లెంలో ఊరగాయ వద్దు

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో జపాన్ మట్టిపాత్రలపై వచ్చిన వ్యాసంలో, ఒరిబె అనే బాణీ పళ్లేన్ని 'పచ్చరంగు వేసిన పళ్లెం' అని రాశారు. నిమ్మకాయ ఊరగాయ నిలవ పెట్టుకోవడానికి ముచ్చటగా ఉంటుందని సలహా కూడా ఇచ్చారు. మొదటిది చిన్న పొరపాటు. రెండోదాన్ని ఎవరైనా పాటిస్తే ఇబ్బంది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

మా అబ్బాయి నగోయాలో ఉద్యోగం చేసే రోజుల్లో, అక్కడికి రైల్లో గంటలోపు దూరాన ఉన్న తోకి పట్టణంలో ఒక కుమ్మరి దగ్గర కొన్న ఒరిబె పళ్లెం మా ఇంట్లో ఉంది. నలుచదరపు పళ్లెం, ఒక మూల నుంచి పచ్చని పూత జారి, గుంటలో చిక్కబడిన చోట దాదాపు నల్లగా కనిపిస్తుంది. మిగిలిన తెల్లని భాగం మీద ఇనుము కలిసిన రంగుతో గీసిన గోధుమరంగు గడ్డిపోచలు ఉన్నాయి. అడుగున పూత లేని చోట వేలితో తడిమితే గరుకుమట్టి తగులుతుంది. అంచు వంకరగా ఉండటం చూసి పక్కింటావిడ చెడిపోయిన సరుకనుకున్నారు గానీ, 1615లో మరణించిన తేనీటి గురువు ఫురుతా ఒరిబె పేరు మోస్తున్న ఈ బాణీలో ఆ వంకర కోరి తెచ్చుకున్నదే.

ఆ పచ్చదనం పైన వేసిన రంగు కాదు, పూతలోని రాగి వల్ల వస్తుంది. బూడిద, రాతిపొడి కలిపిన పూతలో కొద్దిగా రాగి చేర్చి, బట్టీలో గాలి బాగా ఆడేటట్టు కాలిస్తే, పూత గాజులా కరిగి పచ్చగా తేలుతుంది. గాలి చాలకపోతే అదే రాగి ఎర్రబడుతుంది. కాల్చిన తరువాత పైన మిగిలే సన్నని పొర పోయేందుకు ఓక్ కాయల డిప్పలు నానబెట్టిన వగరు నీళ్లలో ముంచుతారు. మన కలంకారీవాళ్ల కరక్కాయ నీళ్లు గుర్తొస్తాయి.

రాగికీ పులుపుకూ పడదన్న సంగతి మన వంటిళ్లకు కొత్త కాదు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో మా అత్తగారు చింతపండు చారు కాయనిచ్చేవారు కాదు. పూతలోని రాగి గాజుతో బిగిసి ఉన్నా, పాళ్లు ఎక్కువైనా కాలుడు తక్కువైనా, రోజుల తరబడి పుల్లనివి నిలవ ఉంచితే కొంత దిగే వీలుంది. పైకి చూసి కనిపెట్టలేము. రాత్రంతా నిమ్మచెక్క బోర్లించి, తెల్లారి ఆ చోట రంగు వెలిసిందేమో చూడటం ఒక మోటు పరీక్ష. మా పళ్లెం దానికి నిలబడింది. అయినా అందులో దోసెలు, సంగటి ముద్ద (రాగి పూత మీద రాగి సంగటి!) తప్ప ఊరగాయ పెట్టము, దానికి జాడీ ఉండనే ఉంది.

ఆ సలహాకు సవరణను వచ్చే ఆదివారం అదే పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా