శనివారం వాటర్ పంప్ పని: వచ్చేవాళ్లు ఇది చదవండి

అందరికీ హాయ్. శనివారం ఉదయం 9కి షెడ్‌లో, కారు ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ద్రవాన్ని తిప్పే మెకానికల్ (బెల్ట్‌తో నడిచే) వాటర్ పంప్ బదులు ఎలక్ట్రిక్ పంప్ పెడుతున్నాం. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి, వేడి మీద రేడియేటర్ మూత ఎవరూ ముట్టుకోవద్దు.

ముందు మీ ఇంజిన్‌లో పంప్‌ని ఏ బెల్ట్ తిప్పుతోందో చూసి ఇక్కడ ఫొటో పెట్టండి. బయటి బెల్ట్ అయితే పుల్లీ తీసేయొచ్చు, కానీ ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది) కూడా సాధారణంగా అదే బెల్ట్ మీద ఉంటుంది కాబట్టి కొత్త దారికి సరిపడే పొట్టి బెల్ట్ కావాలి, ఆల్టర్నేటర్ పుల్లీని అది సరిగ్గా చుట్టుకోకపోతే జారుతుంది, కీచుమంటుంది. టైమింగ్ బెల్టే (ఇంజిన్ వాల్వ్‌లని సమయానికి నడిపే బెల్ట్) తిప్పుతుంటే మాత్రం పుల్లీ జోలికి వెళ్లొద్దు! లోపలి ఇంపెల్లర్ (కూలెంట్‌ని తోసే రెక్కల చక్రం) ఒక్కటే తీస్తాం, పంప్ బాడీ, బేరింగ్, సీల్ అలాగే ఉంటాయి.

రేడియేటర్ ఫ్యాన్ పంప్ షాఫ్ట్ మీదే ఉన్నవాళ్లు ఎలక్ట్రిక్ ఫ్యాన్ తప్పకుండా తెచ్చుకోండి, లేకపోతే ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ ఇంజిన్ వేడెక్కుతుందని టెన్షనే.

కొత్త గ్యాస్కెట్ (అతుకు దగ్గర కారకుండా పెట్టేది), రిలే (పంప్‌కి కరెంట్ ఇచ్చే స్విచ్), ఫ్యూజ్, కూలెంట్ ఎవరివి వాళ్లే తేవాలి. కూలెంట్ పట్టడానికి ట్రేలు నేను తెస్తా. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే ప్రాణం మీదికొస్తుంది, నేల మీద ఒలికితే వెంటనే తుడవండి.

వస్తున్నవాళ్లు గురువారం రాత్రిలోగా చెప్పండి.