కడియం పిన్నికి

నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాం. నేనూ, కడుపులో బిడ్డా బాగానే ఉన్నాం. ఫోన్లు చేసినవాళ్ళకి విడివిడిగా జవాబివ్వలేకపోతున్నాను, ఏమనుకోకండి. మంచం దిగొద్దన్నారు, సెలైన్ పెట్టిన చెయ్యి ఇంకా వాచే ఉంది, రెండో చేత్తో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ రాస్తున్నాను.

నాకిప్పుడు 31 వారాలు. మే మధ్యలో డేటు ఇచ్చారు. జనవరిలో ఎదురింటి మామిడి పూతకొచ్చినప్పట్నుంచీ నాకు మిద్దె తోట పిచ్చి పట్టింది. పిట్టగోడ వెంట బచ్చలి, తోటకూర సంచులు, మెట్ల దగ్గర రెండు మల్లె అంట్లు, ట్యాంకు పక్కన పెద్ద డ్రమ్ములో పీకేఎం-1 రకం మునగ అని కాగితం మీద గీసి పెట్టుకున్నాను. మునగకి నా లెక్క నాకుంది. ఇప్పుడు గింజ పెడితే ఆరేడు నెలల్లో కాపుకొస్తుంది, నవంబరులో అన్నప్రాశన నాటికి ఇంటి చెట్టు కాయ ఉంటుంది. ఈలోగా ఆ పూత కాస్తా పిందెలైంది, వేప పువ్వు రాలడం మొదలైంది, తెల్లారుజామున నాలుగున్నరకే కోయిల అందుకుంటోంది (రాత్రంతా నిద్ర పట్టక అప్పుడే కన్నంటుకున్నవాళ్ళకి ఆ కోయిలని ఏం చెయ్యాలనిపిస్తుందో నన్నడగండి), ఉగాది వారంలోకొచ్చేసింది, నా సంచులు మాత్రం ఖాళీ. అందుకే మొన్న శనివారం మా ఆయన్ని బతిమాలి కడియం వెళ్ళాం.

కడియపులంకలో ఎటు చూసినా నర్సరీలే కదా, ఇది చూద్దాం, ఆ పక్కది చూద్దాం అంటూ ఎంత నడిచానో తెలీలేదు. పొద్దున్నుంచే నడుం లాగుతోంది. గ్యాస్ అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు కూడా. ఆయన బిల్లు దగ్గర ఉండగా షేడ్‌నెట్ కింద నీడలో కూలబడ్డాను. అక్కడ ఆడవాళ్ళు నలుగురు పాకెట్లలో మట్టి నింపుతున్నారు. అందులో మా అమ్మ వయసావిడ లేచొచ్చి "ఎన్నో నెలమ్మా?" అంది. ఎనిమిది అన్నాను. నా మొహం చూసి పైపు దగ్గరికెళ్ళి మోచేతుల దాకా కడుక్కుని, "మట్టి చేతులు తల్లీ, ఏమనుకోకు" అని పొట్ట మీద చెయ్యి పెట్టింది. ఏం మాట్లాడలేదు. చాలాసేపు అలాగే ఉంచింది. "గ్యాసు కాదమ్మా ఇది. రాయిలా బిగుస్తోంది, ఒదుల్తోంది, మళ్ళీ బిగుస్తోంది. ఆసుపత్రికి పద" అంది.

పద అంటే నువ్వెళ్ళు అనుకున్నాను. ఆవిడే ముందు ఆటో ఎక్కి కూచుంది. క్యారేజీ అక్కడే ఒదిలేసి, మేస్త్రికి చెప్పమని పక్కావిడకి కేకేసి.

ఆసుపత్రుల పేర్లు రాయను, రాయాలనే ఉంది. మొదటిచోట రిజిస్ట్రేషన్‌కి డబ్బు కట్టించుకుని, అరగంట కూచోబెట్టి, అప్పుడు చెప్పారు నెలలు నిండని కాన్పులు ఇక్కడ చూడరని. పిల్లల డాక్టరు లేకపోతే లేరని గుమ్మంలోనే చెప్పొచ్చు కదండీ, డబ్బు కట్టించుకునే ముందు? రెండోచోట స్ట్రెచర్ ఉంది, తోసే మనిషి లేడు. ఆయన ఓపీ చీటీ లైన్లో, ఆధార్ జిరాక్స్ కోసం రోడ్డు మీద. స్ట్రెచర్ తోసింది ఎవరనుకున్నారు, ఆవిడే. స్కానింగ్‌కి టైమైపోయింది, సోమవారం రండి అన్నారు. నొప్పులు సోమవారం దాకా ఆగుతాయా? లోపల ఉమ్మనీరు సరిగ్గా ఉందో లేదో తెలీకుండా రెండు రాత్రులు గడపడం ఎలా ఉంటుందో ఆ రూల్ పెట్టినవాళ్ళకి తెలియాలి. సరేలెండి, డాక్టరమ్మ మాత్రం వెంటనే చూసింది. నొప్పులు ఆగడానికి మాత్రలు, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి పన్నెండు గంటలకొకటి చొప్పున 4 ఇంజెక్షన్లు. రెండో దానికి నొప్పులు తగ్గుముఖం పట్టాయి. సోమవారం స్కాన్‌లో అంతా బాగుందన్నారు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. శనివారం రాత్రి మా అమ్మ వచ్చాక ఆవిడ వెళ్ళిపోయింది, నేను మగతలో ఉన్నాను, చూడలేదు. ఆ రోజు కూలి పోయింది కదా అని ఆయన ఐదొందలు ఇవ్వబోతే తీసుకోలేదట, ఆటోకి నలభై అవుతుంది అందట, యాభై ఇస్తే కొంగు ముడి విప్పి పది తిరిగిచ్చిందట. ఆదివారం పొద్దున బాత్రూమ్‌కి లేచి మంచం కింద చెప్పుల కోసం చూశాను. నర్సరీ బురదంతా అంటుకుని ఉండాలి. శుభ్రంగా కడిగి, గోడకి ఆనించి ఆరబెట్టి ఉన్నాయి. అమ్మని అడిగితే నేను కాదే అంది. అప్పటిదాకా, అన్ని సూదులకీ, కంట్లో నీళ్ళు రాలేదు నాకు. ఆ చెప్పులు చూసి వార్డంతా వినపడేలా ఏడ్చాను, సిస్టర్ పరిగెత్తుకొచ్చింది మళ్ళీ నొప్పులేమో అని.

పిన్నీ, నీ పేరు నాకు తెలుసు. పని ఒదిలి వచ్చానని తెలిస్తే మేస్త్రి అరుస్తాడన్నావు, అందుకే రాయట్లేదు. ఇది నువ్వు చదవవు, అదీ తెలుసు. డాక్టరు కదలొచ్చన్న రోజు బిడ్డనెత్తుకుని నేనే వస్తాను.

అమ్మ, ఆయన, అత్తయ్యగారు మూడు రోజులు నిద్ర లేకుండా ఉన్నారు. వాళ్ళకి థ్యాంక్స్ చెప్తే తిడతారు కాబట్టి చెప్పను.

అయ్యో, ఆటో అబ్బాయి! గతుకులొచ్చిన ప్రతిచోటా నడిచినంత నెమ్మదిగా పోనిచ్చాడు, రెండాసుపత్రులు తిప్పి ఒక్క ఆసుపత్రి డబ్బులే తీసుకున్నాడు. రాత్రి డ్యూటీ సిస్టర్ గంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వినిపించి వెళ్ళేది. పక్క మంచం అమ్మాయి ఫ్లాస్కులో వేడినీళ్ళు ఇచ్చింది, తనకే కాన్పై ఒక్క రోజు. పైవాటా వాళ్ళ బాబు నేను చెప్పకుండానే ఖాళీ సంచుల్లో కూడా నీళ్ళు పోస్తున్నాడట, పొయ్యనీ.

ఇంకొకటి, నర్సరీ ఆయన మా మల్లె అంట్లు పక్కన పెట్టించి నీళ్ళు పెట్టిస్తున్నారట. బిల్లు సగంలో ఒదిలేసి పరిగెత్తాం, డబ్బులింకా కట్టలేదు. ఎల్లుండి మా ఆయన వెళ్ళి కట్టి తెస్తారు. ఆ క్యారేజీ సంగతి కూడా కనుక్కోమన్నాను, పిన్ని ఆ రోజు అన్నం తినలేదు.