మిద్దె మీద ఒలేరియా బతకదు

సంపాదకులకు,

న్యూజిలాండ్ కొండల పొద ఒలేరియా కొలెన్సోయ్‌ని హైదరాబాద్ మిద్దెతోటల్లో పెంచాలనుకోవడం డబ్బు దండగ. చామంతి కుటుంబమే, కానీ చలికీ తేమగాలికీ అలవాటుపడిన మొక్క. దళసరి ఆకు అడుగున తెల్లటి నూగు దట్టంగా ఉంటుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటితే కుండీలో వేరు ఉడికిపోతుంది.

మన చామంతే పెట్టుకోండి. జూన్, జులైల్లో 3-4 అంగుళాల కొమ్మ చివర్లు కోసి, కింది ఆకులు తీసేసి తడి ఇసుకలో గుచ్చితే 2-3 వారాల్లో వేళ్లొస్తాయి. ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపిన కుండీలోకి మార్చి, నిలదొక్కుకోగానే తలలు తుంచాలి. ఏపుగా పెరిగినా పూత రాలేదా? ఎరువు మీద ఎరువు గుమ్మరించకండి, ముందు వీధిదీపం సంగతి చూడండి. రాత్రి వెలుతురు పడితే చామంతి మొగ్గ వేయదు. కుండీని పిట్టగోడ చాటుకు జరపండి.

- ఒక మిద్దెతోట సాగుదారు, హైదరాబాద్