నెత్తళ్ళ ధర పెంచాం, కారణం ఇదీ

అందరికీ నమస్కారం. బందరు నుంచి మీ ఎండుచేపల కొట్టువాళ్ళం.

జూలై 1 నుంచి నెత్తళ్ళు పావుకిలో ప్యాకెట్ 160 రూపాయల నుంచి 190 అవుతుంది. రొయ్యపొట్టు ప్యాకెట్ మీద 20 రూపాయలు పెరుగుతుంది. కానాగంతలు ప్రస్తుతానికి లేవు, మళ్ళీ ఎప్పుడో కింద రాశాను. ధర తెలిస్తే చాలనుకునేవాళ్ళకి విషయం ఇంతే. "వేట మళ్ళీ మొదలైంది కదా, తగ్గాల్సింది పోయి పెరగడమేంటండీ?" అని వాట్సాప్‌లో చాలామంది అడిగారు. అడగాల్సిన మాటే. వాళ్ళందరికీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు, ఇంజను పడవలు వేటకి వెళ్ళకూడదు. చేప గుడ్లు పెట్టే కాలమని నిషేధం. తెడ్డు, తెరచాప మీద నడిచే నాటు పడవలకి మినహాయింపు ఉంది గానీ, వాళ్ళు తెచ్చేది ఊళ్ళో పచ్చిచేపల కూరకే చాలదు. నిషేధంతో మాకు పేచీ లేదు. ఉండాల్సిందే. కాకపోతే ఎండుచేప వ్యాపారానికి అందులో ఒక తిరకాసుంది. చేపని ఎండబెట్టే ఎండ సరిగ్గా ఆ రెండు నెలల్లోనే కాస్తుంది. బోట్లు సముద్రంలోకి దిగేసరికి నైరుతి వచ్చి కూర్చుంటుంది. ఎండున్నప్పుడు చేప ఉండదు, చేప వచ్చేసరికి ఎండ ఉండదు.

మే నెలలో పడమటి గాలికి ఊరంతా తలుపులు వేసుకుని తిట్టుకుంటుంది. ఆ గాలి ఊరికే పోతోందే అని బాధపడేది మా ఎండుచేపల వాళ్ళమే. అందులో తడి ఉండదు. ఇప్పుడు వీచే గాలికి, పైన ఎండ కనిపించినా, చేప ఓ పట్టాన ఆరదు.

గిలకలదిండి హార్బర్లో వేలం పాట పాడుకున్న నెత్తళ్ళు కళ్ళానికి, అంటే ఎండబెట్టే చోటుకి, వచ్చాక ఏం జరుగుతుందో చెబుతాను. ముందు నీళ్ళలో జాడించి, ఇసుక మీద పరిచిన పాత వలల మీద ఒకే వరసగా చల్లుతారు. ఒకదాని మీద ఒకటి పడితే అడుగుది కుళ్ళుతుంది. మధ్యాహ్నం ఓసారి తిరగేయాలి. సాయంత్రం మంచు పడకముందే కుప్ప చేసి బరకం కప్పాలి. వేసవిలో అయితే రెండెండలకే పని అయిపోతుంది. వేళ్ళతో విరిస్తే అప్పడంలా పుటుక్కుమనాలి, వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఈ నెలలో అదే చేపకి నాలుగైదు రోజులు పడుతోంది. ఆ మధ్యలో మబ్బు పట్టిందంటే పరిచినదంతా ఎత్తాలి, మబ్బు విడిస్తే మళ్ళీ పరవాలి. ఒక్కోరోజు మూడుసార్లు ఎత్తి మూడుసార్లు పరుస్తారు. ఎత్తేలోపు చినుకు పడితే ఆ సరుకు ప్యాకెట్లోకి రాదు, కోళ్ళ దాణాకి వెళ్ళిపోతుంది.

పచ్చివి నాలుగు కిలోలు ఎండితే కిలో చేతికొస్తుంది. దాంట్లో తలలు విరిగినవీ, ఇసుక పట్టినవీ ఏరేస్తే ఇంకా తగ్గుతుంది. హార్బర్లో మాతో పాటు పాడేవాళ్ళు కూడా మారిపోయారు. చిన్న చేపని మునుపు ఎండబెట్టేవాళ్ళే కొనేవాళ్ళు. ఇప్పుడు చేపపొడి మిల్లుల తరఫు మనుషులు వచ్చి లారీలకి లారీలు ఎత్తుకుపోతున్నారు. ఆ పొడి రొయ్యల మేతలోకి, కోళ్ళ మేతలోకి పోతుంది. వాళ్ళకి చేప నలిగినా పర్వాలేదు, తడిగా ఉన్నా పర్వాలేదు, ఏరే పనీ లేదు. మీ పప్పులోకి నంజుకోవాల్సిన నెత్తలు చెరువులో రొయ్యకి మేతవుతోందన్నమాట. వాళ్ళతో పోటీపడి పాడితేనే మాకు దక్కుతుంది.

పెరిగిన 30 రూపాయల్లో ఎక్కువ భాగం ఈ పచ్చిచేప ధరే. మిగతాది కూలి. కళ్ళంలో పనిచేసేది అందరూ ఆడవాళ్ళే. ఈ సీజను నుంచి వాళ్ళ రోజుకూలి పెంచాం. వేట లేని రెండు నెలలకి ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో పదివేల నుంచి 20,000 రూపాయలకి పెరిగింది, మంచిదే. అది వేటకెళ్ళే మనిషి పేరున వస్తుంది. ఇంట్లో వేటకెళ్ళే మగవాడు లేని ఆడమనిషి, కళ్ళం పని మీదే బతికేది, ఆ రెండు నెలలూ ఏం తినాలి? మా దగ్గర అలాంటివాళ్ళున్నారు. నిషేధం రోజుల్లో వాళ్ళకి ఏరే పని, ప్యాకింగ్ పని చూపించగలిగాం గానీ, అది రోజూ ఉండేది కాదు. కాబట్టి ఈ పెంచిన కూలి మీద బేరం ఆడొద్దని మనవి.

ఇంకో సంగతి, సరుకు ఫలానా రోజుకి వస్తుందని నేనెందుకు గట్టిగా చెప్పనో. గిలకలదిండి దగ్గర మొగ, అంటే బోట్లు సముద్రంలోంచి రేవులోకొచ్చే దారి, ఇసుకతో పూడుకుపోతూ ఉంటుంది. పోటు మీదే, నీళ్ళు పొంగినప్పుడే, బోట్లు లోపలికొస్తాయి. నీళ్ళు తీసే పాటు సమయంలో వచ్చిన బోటు బయటే లంగరేసుకుని కూర్చోవాలి, లోపల ఐసు కరుగుతూ ఉంటుంది. ఇసుక తవ్వుతారు, మళ్ళీ మేటేస్తుంది. పక్కనే పెద్ద పోర్టు కడుతున్నారు కదా అని మీరనొచ్చు. బందరు పోర్టుకి 2008లో ఓసారి, 2019లో ఓసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. మూడోసారి తర్వాత తపసిపూడి దగ్గర పని నిజంగానే సాగుతోంది, కళ్ళతో చూస్తున్నాం. వస్తే ఊరికి మంచిదే. మా ఊరి కుర్రాళ్ళు హైదరాబాదు బస్సెక్కడం కొంచెమైనా తగ్గుతుంది. ఓడల పోర్టు వేరు, చేపల రేవు వేరు, ఒకటి వచ్చిందని రెండోది బాగుపడిపోదు. మాకు కావాల్సింది ఆ మొగ తెరుచుకుని ఉండటం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల భయం ఎలాగూ ఉంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు బోట్లన్నీ రేవులోనే. ఇది 1864 ఉప్పెన చూసిన ఊరు, 1977లో పక్కనే దివిసీమ ఏమైందో ఎరిగిన ఊరు. హెచ్చరిక వచ్చిందంటే ఎవరూ వాదించరు, కట్టేస్తారు. అలాంటి వారంలో "నా పార్శిల్ ఎక్కడ?" అని అడిగితే నా దగ్గర సమాధానం ఉండదు.

ఇప్పుడు మా ప్యాకెట్ల గురించి. నిషేధం నెలల్లో మీరు కొన్న ఎండురొయ్యలు సముద్రపువి కావు, చెరువు వనామీ. ప్యాకెట్ మీద "చెరువు" అని రాసే పంపాం, చూసే ఉంటారు. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు చెరువు రొయ్య ధర పడిపోయి రైతులు గోలపెట్టారు. అప్పటినుంచి దాన్ని ఎండబెట్టి అమ్మడం మాలాంటి కొట్లకీ సులువైంది. రుచికేం లోటులేదు, కానీ సముద్రపు రొయ్యకుండే ఘాటు దానికి రాదు. గోంగూరలోకి వేసుకునేవాళ్ళు సముద్రపుదానికే ఆగండి. వంకాయలోకి చెరువుది చాలు. అలాగే ఎండు బొమ్మిడాయిలు. "బందరు సముద్రపు బొమ్మిడాయిలు" పంపమంటారు కొందరు. అవి కాలవల్లో, కొల్లేరు వైపు దొరికే మంచినీటి చేప. అందుకే నిషేధంతో వాటికి సంబంధం లేదు, ఇప్పుడూ ఉన్నాయి.

వాసన రాని ఎండుచేప ఉందా అని నెలకి ఒకరైనా అడుగుతారు. లేదండీ. రాకపోతే నేనే అనుమానిస్తాను. గాలి తీసేసి రెండు కవర్లలో ప్యాక్ చేస్తాం కాబట్టి విప్పేదాకా బయటికి రాదు. అయినా పెట్టె మీద "ఎండుచేపలు" అని చూడగానే వెనక్కి నెట్టే కొరియర్ ఆఫీసులున్నాయి. ఒకచోట మూడు రోజులు పక్కన పడేసి, తర్వాత తీసుకెళ్ళమని ఫోన్ చేశారు. అందుకే ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ పార్శిళ్ళు ఎక్కువగా బస్సు కార్గోలో వేస్తున్నాం. 65వ నంబరు జాతీయ రహదారి మా ఊళ్ళోంచే బయల్దేరి హైదరాబాదు మీదుగా పోతుంది, రాత్రి వేస్తే పొద్దునకి అక్కడుంటుంది. డిపోకి వెళ్ళి తెచ్చుకోవాలి, ఆ కష్టం మీది. దయచేసి ఆఫీసు అడ్రసు మాత్రం ఇవ్వకండి. ఇచ్చినవాళ్ళు తర్వాత నాతో మాట్లాడటం మానేశారు.

చేపలతో పాటు అదే పెట్టెలో బందరు లడ్డూ పెట్టమని అడిగేవాళ్ళకి మళ్ళీ చెబుతున్నాను, పెట్టను. శనగపిండిని నేతిలోకి పూసగా నొక్కి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ రోట్లో తొక్కి తొక్కి చేసే మిఠాయి అది. భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకుని తీసుకెళ్ళి ఉప్పుచేప పక్కన కూర్చోబెట్టడానికి చేతులు రావు. కావాలంటే వేరే పెట్టె కట్టి పంపుతాను, దాని చార్జీ దానిదే. నల్ల హల్వాకీ ఇదే మాట.

వానాకాలం ప్యాకెట్ విప్పాక బయట పెట్టొద్దు. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో, వీలైతే పైన గడ్డకట్టే అరలో పెట్టండి. మెత్తబడితే సన్నని సెగ మీద ఒట్టి మూకుడులో వేయించుకోండి, మళ్ళీ కరకరలాడతాయి. బూజు కనిపిస్తే మాత్రం కడిగి వాడుకునే ప్రయత్నం చేయకండి. ఫొటో తీసి పంపండి, డబ్బు వెనక్కిస్తాం.

కానాగంతలు ఎండ నిలబడితే ఆగస్టు రెండో వారానికి వస్తాయి. కోసి ఉప్పు పట్టించే చేప కాబట్టి ఈ తడిగాలిలో మొదలుపెట్టలేదు. వంజరం ఉప్పుముక్కలు కొంచెమే ఉన్నాయి, ఒక్కొక్కరికి ఒక ప్యాకెట్ మాత్రమే. జూన్ 30 రాత్రి దాకా డబ్బు పంపినవాళ్ళకి నెత్తళ్ళు పాత ధరకే ఇస్తాం. పేరు, ఊరు, దగ్గర్లోని బస్సు డిపో మూడూ ఒకే మెసేజ్‌లో రాయండి.